మయన్మార్‌లో గద్దె మారితే ఢిల్లీలో ఏం మారుతుంది?

సందేహాల రాజు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. అంతర్జాతీయ సంబంధాల్లో ఒకచోట ఆగిపోయాను.

నోట్సులో ఇలా రాసుకున్నాను. 1988లో బర్మా (అంటే ఇప్పటి మయన్మార్) విద్యార్థులు సైన్యం మీద తిరగబడితే మన దేశం వాళ్ళ పక్షాన నిలబడింది. పారిపోయి వచ్చినవాళ్ళకి మణిపూర్‌లో, మిజోరంలో శిబిరాలు పెట్టింది. 2021 ఫిబ్రవరి 1న మళ్ళీ సైన్యమే అధికారం లాక్కుంది. రెండు నెలలు తిరక్కుండా మార్చి 27న కొత్త రాజధాని నేపిడాలో ఆ సైన్యం పెరేడ్ జరుపుకుంటే, ప్రతినిధుల్ని పంపిన ఎనిమిది దేశాల్లో మనదీ ఒకటి. అదే రోజు ఆ దేశం వీధుల్లో వందమందికి పైగా కాల్పుల్లో చనిపోయారు.

అదే పొరుగుదేశం, అదే సైన్యం, ఎదురు నిలబడింది రెండుసార్లూ ప్రజాస్వామ్య నాయకురాలు ఆంగ్ సాన్ సూకీయే. మరి మనం ఎందుకు ఇంత మారాం?

కోచింగ్‌లో దీనికి "ఆదర్శవాదం నుంచి వాస్తవికవాదానికి ప్రయాణం" (అంటే విలువల కోసం నిలబడటం నుంచి లాభం చూసుకోవడానికి) అని ఒక వాక్యం రాయించారు. రాస్తే మార్కులు పడతాయేమో గానీ నాకైతే బుర్రకెక్కలేదు. పొరుగున ప్రభుత్వం మారినప్పుడు పెద్ద దేశం విధానం అసలు ఎలా మారుతుంది? ముందు ఎవరు కదులుతారు? రాయబారులా, సైన్యమా, వ్యాపారులా? తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి. టెన్షన్‌తో రెండు పేజీలు బట్టీ పట్టేకంటే ఒకసారి అర్థమైతే చాలు.


రంగం మనవడు రాసిన జవాబు:

రాజు గారూ, ఆ వాక్యం లెక్క 1988 నుంచి మొదలుపెడితేనే సరిపోతుంది. ఇంకో పాతికేళ్ళు వెనక్కి వెళ్ళి చూడండి, నిలబడదు.

1962 మార్చి 2న అప్పటి రాజధాని రంగూన్‌లో (ఇప్పటి యాంగోన్) జనరల్ నె విన్, ప్రధాని ఊ ను ప్రభుత్వాన్ని కూలదోశాడు. ఊ ను నెహ్రూకి బాగా దగ్గరివాడు. 1949లో కరెన్ తెగ తిరుగుబాటుదారులు రంగూన్ పొలిమేరల దాకా వచ్చినప్పుడు ఊ ను ప్రభుత్వం పడిపోకుండా మన దేశం ఆయుధాలు పంపింది. అలాంటి మిత్రుణ్ణి జైల్లో పెడితే ఢిల్లీ ఏం చేసింది? కొత్త ప్రభుత్వాన్ని గుర్తించి ఊరుకుంది. అప్పటికి నెహ్రూయే ప్రధాని. ఆదర్శవాదం అనగానే అందరూ చెప్పే పేరు ఆయనదే కదా!

తర్వాతి సంగతి మా ఇంటిది. మా తాత మొదట రంగంలో (రంగూన్‌ని మావాళ్ళు అలాగే అంటారు) బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరి, కొన్నాళ్ళకి సొంతంగా చిన్న కొట్టు పెట్టుకున్నాడు. 1964లో నె విన్ ప్రభుత్వం కొట్లన్నిటినీ జాతీయం చేసేసింది. అదే ఏడాది మేలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించింది. కొట్టు పోయింది, దాచుకున్న డబ్బూ పోయింది. ఆ ఏళ్ళలో లక్షకు పైగా మనవాళ్ళు ఓడలెక్కి తిరిగొచ్చేశారు. ఓడెక్కే ముందు తనిఖీలో మా నానమ్మ చేతి గాజులు కూడా తీయించుకున్నారట. మద్రాసులో దిగి, అటు తిరిగి ఇటు తిరిగి చివరికి విశాఖపట్నం బర్మా క్యాంపుకి చేరారు. నానమ్మ ఉన్నన్నాళ్ళూ ఒకటే మాట: "మన సర్కారు వాళ్ళని గట్టిగా ఎందుకు అడగలేదురా?"

అడగకపోవడానికి కారణాలు దొరకడం కష్టమేం కాదు, తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. 1960 అక్టోబర్‌లో బర్మా, చైనాతో సరిహద్దు ఒప్పందం చేసుకుంది. మనతో సరిహద్దు ఇంకా ఖరారు కాలేదు. నె విన్ వచ్చిన ఏడాదే, అక్టోబర్‌లో, చైనా మన మీద యుద్ధానికి దిగింది. ఇటు నాగా కొండల్లో తిరుగుబాటు నడుస్తోంది, వాళ్ళు అటు వెళ్ళి దాక్కోవడానికి, ఆయుధాలు తెచ్చుకోవడానికి దారి బర్మా అడవుల్లోంచే. అలాంటప్పుడు కొట్లు పోయాయనీ, గాజులు తీసుకున్నారనీ నె విన్‌తో తగువు పెట్టుకుంటే, అతను పూర్తిగా చైనా వైపు ఒరిగితే ఎలా? ఢిల్లీ కోపం దిగమింగుకుంది. ఓడలు పంపింది, వచ్చినవాళ్ళకి పునరావాసం ఇచ్చింది, 1967 మార్చి 10న సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు చేయించుకుంది. మా నానమ్మ గాజుల ఖరీదు కూడా ఆ ఒప్పందంలోనే ఎక్కడో కలిసిపోయిందని నా అభిప్రాయం.

కాబట్టి "వాస్తవికవాదం" 1990ల్లో కొత్తగా పుట్టలేదు. నాకు కనిపించేది ఇంతే: పొరుగుదేశం రాజధానిలో ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి మన మాట మారుతుంది. మన పని మాత్రం సరిహద్దుకి అవతల నేల ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. రెండూ ఒకేసారి మారవు. మధ్యలో కొన్నేళ్ళు మాట ఒకటీ పనొకటీగా ఉంటుంది. మీ నోట్సులో వైరుధ్యాల్లాగా కనిపిస్తున్నవి ఆ మధ్యకాలాలే.

మరి 1988లో అంత ధైర్యం ఎక్కడిది అంటారు. 1987 డిసెంబర్‌లో రాజీవ్ గాంధీ రంగూన్ వెళ్ళి నె విన్‌తో మాట్లాడి వచ్చారు, అంటే అప్పటిదాకా పాత పద్ధతే. తొమ్మిది నెలల్లో దేశం భగ్గుమంది. 1988 సెప్టెంబర్ 18న సైన్యం కొత్త పేరుతో మళ్ళీ పగ్గాలు పట్టింది. కానీ ఆ రోజుల్లో చూసేవాళ్ళకి సైన్యం ఎక్కువకాలం నిలవదనే అనిపించింది. సూకీ మనకి కొత్త మనిషి కాదు. ఢిల్లీలో లేడీ శ్రీరామ్ కాలేజీలో చదువుకుంది. వాళ్ళమ్మ ఖిన్ చీ ఇక్కడ బర్మా రాయబారిగా పనిచేసింది. ఆకాశవాణి బర్మీస్ ప్రసారాలు సైన్యాన్ని ఉతికి ఆరేశాయి, ఊ ను కూతురు కూడా వాటిలో పనిచేసింది. 1990 మే ఎన్నికల్లో సూకీ పార్టీ 485 సీట్లలో 392 గెలిచింది. అంటే గెలిచే పక్షాన్నే మనం పట్టుకున్నాం. విలువలు లేవని అనను, ఉన్నాయి. విలువలూ లాభమూ ఒకేవైపు ఉన్నప్పుడు ఎవరైనా గట్టిగానే మాట్లాడతారు.

ఆ లెక్క ఎక్కడ తప్పిందంటే, ఓడిన సైన్యం దిగలేదు. పశ్చిమదేశాలు వెలివేసేసరికి చైనా దగ్గర పెద్దఎత్తున ఆయుధాలు కొనడం మొదలుపెట్టింది. అవతలి అడవుల్లో మన ఈశాన్య మిలిటెంట్ల శిబిరాలు అలాగే ఉన్నాయి. వాటిని కదిలించగలిగింది ఆ సైన్యమే, సూకీ కాదు. ఆమె గృహనిర్బంధంలో ఉంది. 1993లో విదేశాంగ కార్యదర్శి జె.ఎన్. దీక్షిత్ రంగూన్ వెళ్ళారు. 1994 జనవరిలో సరిహద్దు వ్యాపార ఒప్పందం అయింది. 1995 ఏప్రిల్‌లో మణిపూర్ వైపు మోరే దగ్గర గేటు తెరిచారు.

ఆ 1995 వేసవి గురించి మాత్రం తప్పకుండా చదవండి. మిజోరం సరిహద్దులో రెండు సైన్యాలూ కలిసి "గోల్డెన్ బర్డ్" అనే ఆపరేషన్ మొదలుపెట్టాయి. మిలిటెంట్లు మధ్యలో చిక్కారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీ, సూకీకి జవహర్‌లాల్ నెహ్రూ పురస్కారం ప్రకటించింది. బర్మా సైన్యానికి ఒళ్ళు మండి సహకారం ఆపేసిందని, చిక్కినవాళ్ళలో కొందరు జారుకున్నారని అప్పటి సంగతులు తెలిసినవాళ్ళు రాశారు. సన్మానం చేసిందీ మన ప్రభుత్వమే, వేటకి వెళ్ళిందీ మన ప్రభుత్వమే. రక్షణశాఖ లెక్క రక్షణశాఖది, పురస్కారాల కమిటీ లెక్క కమిటీది. మీ కోచింగ్ వాక్యం ఈ ఏడాదిని ఏ గడిలో పెడుతుందో అడిగి చూడండి.

ముందు ఎవరు కదులుతారని అడిగారు. ఈ దేశం విషయంలో నేను చూసినంతవరకు ముందు కదిలేది సరిహద్దు కాసే సైన్యం. వాళ్ళకి అవతల ఎవరో ఒకరు మాట్లాడే మనిషి కావాలి, అతను ఎన్నికల్లో గెలిచాడా లేదా అన్నది వాళ్ళ పని కాదు. ఆ వెనక చమురు కంపెనీలు. మంత్రులు చివర వస్తారు. 2021 పెరేడ్‌కి కూడా మంత్రి వెళ్ళలేదు, మన రాయబార కార్యాలయంలోని సైనిక ప్రతినిధి వెళ్ళాడు. ఈ తేడా చిన్నదే గానీ పరీక్షలో రాయదగ్గది.

చమురు సంగతి కూడా చెప్పి ఆపుతాను, ఎందుకంటే దీనిమీద నాకు కాస్త మంట ఉంది. 2007 సెప్టెంబర్‌లో బౌద్ధ భిక్షువులు వేలల్లో వీధుల్లోకి వచ్చారు. ఆ రోజుల్లోనే మన పెట్రోలియం మంత్రి మురళీ దేవరా అక్కడికి వెళ్ళి, సముద్రంలో గ్యాస్ అన్వేషణ ఒప్పందాల మీద సంతకాలు చూసి వచ్చారు. సరే, దేశానికి గ్యాస్ కావాలి, ఒప్పుకుందాం. వచ్చిందా? రఖైన్ తీరాన ష్వే క్షేత్రంలో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కీ గెయిల్‌కీ వాటాలున్నాయి. అయినా ఆ గ్యాస్ 2013 నుంచి క్యావుక్‌ఫ్యూ దగ్గర పైపెక్కి చైనాలోని యునాన్‌కి పోతోంది. బంగ్లాదేశ్ మీదుగా మనం వేసుకుందామన్న పైపు బేరాల్లోనే ఆగిపోయింది. నోరు మూసుకున్నందుకు ప్రతిఫలం ఉండాలి కదా, అదైనా సరిగ్గా రాబట్టుకున్నామా అన్నది నా అనుమానం.


తూర్పుగాలి రాసిన జవాబు:

మనవడు గారూ, 1964 సంగతి కళ్ళకి కట్టినట్టు చెప్పారు. కానీ "సరిహద్దును బట్టి పని మారుతుంది" అన్నది నాకు అంత తేలిగ్గా మింగుడుపడలేదు.

నేను బ్యాంకు ఉద్యోగంలో ఐజాల్‌లో కొన్నేళ్ళు ఉన్నాను. అక్కడ మిజోలకీ, అవతలి చిన్ రాష్ట్రం జనానికీ తేడా పెద్దగా చూడరు. భాషలు దగ్గర, చర్చిలు ఒకటే, పెళ్ళి సంబంధాలు ఉంటాయి. 2021లో సైనిక కుట్ర జరిగాక చిన్ జనం టియావు నది దాటి రావడం మొదలైంది. మార్చి 10న కేంద్ర హోంశాఖ నుంచి ఈశాన్య రాష్ట్రాలకి ఉత్తరం వచ్చింది: అక్రమంగా వచ్చేవాళ్ళని ఆపండి, శరణార్థి హోదా ఇచ్చే అధికారం రాష్ట్రాలకి లేదు అని. ముఖ్యమంత్రి జోరంథంగా నేరుగా ప్రధానికి ఉత్తరం రాశారు, వీళ్ళని ఎలా వెనక్కి పంపుతాం, మనవాళ్ళే కదా అని. పంపలేదు కూడా. ముప్పై వేలమందికి పైగా మిజోరంలో తలదాచుకున్నారు. చర్చిలు, ఊరి సంఘాలు బియ్యం, దుప్పట్లు పోగుచేసి పంచాయి.

తర్వాత 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఇంకో మాట చెప్పింది. సరిహద్దుకి రెండువైపులా పదహారు కిలోమీటర్ల వరకూ వీసా లేకుండా తిరిగే పాత ఏర్పాటు రద్దు చేస్తామని, 1,643 కిలోమీటర్ల పొడవునా కంచె వేస్తామని. మిజోరం, నాగాలాండ్ అసెంబ్లీలు వద్దని తీర్మానాలు చేశాయి. అప్పటి మణిపూర్ ముఖ్యమంత్రి మాత్రం కంచె కావాలని అడిగినవాడే.

ఇప్పుడు చెప్పండి, ఏ సరిహద్దు మన విధానాన్ని నడిపింది? మీరు చెప్పే సరిహద్దు ఢిల్లీలో మ్యాపు మీద ఉన్న గీత. అక్కడ బతికేవాళ్ళ సరిహద్దు వేరు.


సందేహాల రాజు:

ఇద్దరికీ ధన్యవాదాలండీ, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఇంకొక్క సందేహం. చైనాకి ప్రజాస్వామ్యం గురించి మొహమాటం లేదు కదా. మరి మయన్మార్‌లో ఎవరొచ్చినా వాళ్ళ విధానం మారకుండా ఒకేలా ఉందా? 2025 డిసెంబర్ 28 నుంచి ఎన్నికలు పెడతామని సైన్యం ప్రకటించింది. ఆ తర్వాత మన వైఖరి ఏమవ్వచ్చు?


రంగం మనవడు:

ముందు తూర్పుగాలి గారికి. మీరు చెప్పినది నా మాటని రెండుగా చీల్చింది, మంచిదే. అక్కడ ఒక సరిహద్దు లేదు, రెండున్నాయి. మణిపూర్ వైపు ఢిల్లీకి కనిపించేది మిలిటెంట్లు, ఆయుధాలు, మత్తుమందులు. మిజోరం వైపు కనిపించేది చుట్టరికం. మొదటి దాని గురించి మాట్లాడటానికి హోంశాఖలోనూ విదేశాంగశాఖలోనూ ఫైళ్ళున్నాయి, మనుషులున్నారు. రెండో దానికి ఫైలు లేదు. శరణార్థుల మీద మనకి చట్టమే లేదు, ఐక్యరాజ్యసమితి 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకమూ లేదు. అందుకే ఢిల్లీ ఆదేశం ఒకలా, ఐజాల్ ఆచరణ ఇంకోలా నడిచాయి. కేంద్రం మిజోరంని బలవంతపెట్టకుండా చూసీచూడనట్టు ఊరుకోవడం కూడా ఒక విధానమే. కాగితం మీద రాయరంతే.

కానీ 2023 అక్టోబర్ 27 తర్వాత మీ సరిహద్దు గొంతు ఢిల్లీకి వినపడక తప్పలేదు. ఆ రోజు చైనా వైపున్న ఉత్తర షాన్ రాష్ట్రంలో మూడు సాయుధ దళాలు కలిసి సైన్యం మీద దాడి మొదలుపెట్టాయి. నవంబర్‌లో చిన్ దళాలు మిజోరం ఎదురుగా ఉన్న రిఖావ్దార్‌ని పట్టుకున్నాయి. అప్పుడు నది దాటి ఇటు పరిగెత్తుకొచ్చింది శరణార్థులు మాత్రమే కాదు, మయన్మార్ సైనికులు కూడా. వాళ్ళని మన హెలికాప్టర్లలో ఎక్కించి మణిపూర్ మీదుగా వాళ్ళ దేశానికి అప్పగించాం. 2024 జనవరిలో అరాకాన్ ఆర్మీ (రఖైన్ ప్రాంతపు తిరుగుబాటు దళం) చిన్ రాష్ట్రంలోని పలేత్వాని గెలుచుకుంది.

పలేత్వా పేరు గుర్తుపెట్టుకోండి రాజు గారూ. కాలాదాన్ ప్రాజెక్టు అంతా ఆ ఊరి మీదే ఆధారపడి ఉంది. కోల్‌కతా నుంచి సిత్వే రేవుకి సముద్రం మీద, సిత్వే నుంచి పలేత్వాకి కాలాదాన్ నదిలో, అక్కడి నుంచి మిజోరంకి రోడ్డు మీద సరుకు చేర్చాలని 2008లో ఒప్పందం చేసుకున్నాం. ఒప్పందం నేపిడాతో. రేవుని మనమే కట్టాం, 2023 మేలో మొదటి ఓడ వచ్చింది. ఇప్పుడు సిత్వే ఊరు సైన్యం చేతిలో, పైన నది, పలేత్వా, రోడ్డు దారి అరాకాన్ ఆర్మీ చేతిలో. మనం సంతకం తీసుకున్నది ఒకరి దగ్గర, అనుమతి అడగాల్సింది ఇంకొకరి దగ్గర. 2024 ఫిబ్రవరి చివర్లో మిజోరం నుంచి రాజ్యసభ సభ్యుడు వన్లాల్‌వేనా సరిహద్దు దాటి వెళ్ళి అరాకాన్ ఆర్మీ వాళ్ళతో మాట్లాడి వచ్చాడు. విదేశాంగశాఖ దాన్ని తన పనిగా చెప్పుకోలేదు. అడ్డుకున్నట్టూ కనిపించలేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో, సైన్యానికి ఎదురు తిరిగిన దళాలకి ఢిల్లీలో ఒక సదస్సుకి ఆహ్వానాలు వెళ్ళాయని రాయిటర్స్ రాసింది. 1949లో ఊ నుకి తుపాకులిచ్చి కరెన్ల మీదికి పంపిన దేశం ఇంత దూరం వచ్చింది. నేపిడాలో ప్రభుత్వం మారలేదు. మారింది పలేత్వాలో.

ఇక చైనా. వాళ్ళ విధానం మారదనుకోవడం పొరపాటు. మనకంటే వేగంగా మారుతుంది, అంతే. 1967లో రంగూన్‌లో చైనా వ్యతిరేక అల్లర్లయ్యాక బీజింగ్ ఏకంగా బర్మా కమ్యూనిస్టు పార్టీకి ఆయుధాలిచ్చి 1968లో సరిహద్దు దాటించింది. మావో పోయాక మెల్లగా ఆ చేయి వెనక్కి తీసుకుంది. అంటే కొన్నిసార్లు మారేది పొరుగింటి ప్రభుత్వం కాదు, పెద్దింటిదే.

వాళ్ళకి అసలు దెబ్బ 2011లో తగిలింది. మార్చిలో థేన్ సేన్ అధ్యక్షుడయ్యాడు. సైన్యంలోంచి వచ్చినవాడే, చైనా తమవాడే అనుకుంది. సెప్టెంబర్ 30న అతను, తన పదవీకాలంలో మిట్సోన్ ఆనకట్ట పని ఆపేస్తున్నానని పార్లమెంటుకి తెలియజేశాడు. 360 కోట్ల డాలర్ల ప్రాజెక్టు, 6,000 మెగావాట్లు, అందులో ఎక్కువభాగం యునాన్‌కి వెళ్ళాల్సిన కరెంటు. ఐరావతి నది పుట్టేచోట ఆనకట్ట వద్దని అక్కడి కచిన్ జనం, రచయితలు, కళాకారులు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. సైనిక పాలన ఉన్నంతకాలం బీజింగ్‌కి వాళ్ళ మాట వినాల్సిన అవసరం రాలేదు, సంతకం పెట్టే జనరల్ ఒక్కడు చాలు. కొద్దిపాటి స్వేచ్ఛ వచ్చేసరికి ఆ జనం మాటకి విలువ వచ్చింది, చైనా కాంట్రాక్టు పక్కకి పోయింది.

ఆ పాఠం వాళ్ళు ఎంత చప్పున నేర్చుకున్నారో చూడండి. 2015 జూన్‌లో, ఎన్నికలకి అయిదు నెలల ముందు, ఇంకా ప్రతిపక్షంలో ఉన్న సూకీని బీజింగ్‌కి పిలిచి షి జిన్‌పింగ్ స్వయంగా కలిశాడు. 2020 జనవరిలో ఆయనే నేపిడా వచ్చి క్యావుక్‌ఫ్యూ రేవుతో సహా బోలెడన్ని ఒప్పందాలు చేసుకున్నాడు. మనమో? ఆమె 2012 నవంబర్‌లో ఢిల్లీ వచ్చినప్పుడు, కష్టకాలంలో భారత్ మాకు దూరమైందని బాధపడ్డానని బహిరంగంగానే చెప్పింది. చదువుకున్న ఊళ్ళో నిలబడి ఆ మాట అనడం ఎవరికైనా గుచ్చుకుంటుంది. ఆ ఏడాది మేలో మన్మోహన్ సింగ్ యాంగోన్ వెళ్ళి ఆమెను కలిశారు. 1987 తర్వాత మన ప్రధాని అక్కడికి వెళ్ళడం అదే మొదలు.

2021లో సైన్యం సూకీని మళ్ళీ జైల్లో పెడితే చైనా అధికార వార్తాసంస్థ దాన్ని "మంత్రివర్గంలో భారీ మార్పులు" అని రాసింది! మనవాళ్ళు కనీసం ఆందోళన వ్యక్తం చేశారు. కానీ 2023 నాటికి అదే చైనా, తన సరిహద్దు పక్కనున్న కోకాంగ్‌లో ఆన్‌లైన్ మోసాల ముఠాలని సైన్యం అణచడం లేదన్న కోపంతో ఉత్తరాది దళాల దాడిని చూసీచూడనట్టు వదిలేసింది. 2024 ఆగస్టులో ఆ దళాలు లాషియోని, అంటే సైన్యం ఈశాన్య ప్రధాన స్థావరాన్నే, పట్టుకునేసరికి భయపడి గేట్లు మూసింది, సరుకులు ఆపింది. 2025 ఏప్రిల్‌లో లాషియోని మళ్ళీ సైన్యానికి ఇప్పించింది. తాళాలన్నీ వాళ్ళ దగ్గరున్నాయి: గేట్లు, కరెంటు, మందులు, ఆయుధాలు. మన దగ్గర అన్ని లేవు. రెండు దేశాల మధ్య తేడా విలువల్లో కన్నా ఇందులోనే ఎక్కువ ఉందని నా ఉద్దేశం.

ఎన్నికల గురించి. 2025 ఏప్రిల్ 4న బ్యాంకాక్‌లో, భూకంపం వచ్చిన వారానికి, మోదీ అక్కడి సైనిక అధినేత మిన్ ఆంగ్ లైంగ్‌ని కలిశారు. ఆగస్టు 31న తియాన్‌జిన్‌లో మళ్ళీ కలిశారు. ఎన్నికలు న్యాయంగా, అందరినీ కలుపుకుని జరగాలన్నది మన మాట. సూకీ పార్టీని 2023లోనే రద్దు చేశారు, దేశంలో చాలా భాగం సైన్యం చేతిలోనే లేదు. అందరినీ కలుపుకోవడం ఎలా సాధ్యం? అయినా ఎన్నికల్లోంచి ఏ ప్రభుత్వం వచ్చినా ఢిల్లీ దాంతో మాట్లాడుతుందని నా అంచనా. యూనిఫాం తీసి లుంగీ కట్టుకున్న మనిషితో ఫొటో దిగడం మంత్రులకి సులువు. అదే సమయంలో పలేత్వా వాళ్ళతో మాటలూ ఆగవు. పైన ఒకరు, కింద ఒకరు. నాకు ఇది నచ్చిందని కాదు. 1964 నుంచి చూస్తే ఇదే ఎక్కువసార్లు జరిగింది.


సందేహాల రాజు:

పరీక్షలో రాయాలంటే దీనిలో ఏవి పెట్టాలి సర్? పదిహేను మార్కుల ప్రశ్నకి 250 పదాలే.


రంగం మనవడు:

1967 సరిహద్దు ఒప్పందం, 1995 గోల్డెన్ బర్డ్, 2011 మిట్సోన్, 2024 పలేత్వా. ఈ నాలుగూ పెట్టి, ప్రతిదాని పక్కనా అప్పుడు రాజధానిలో ఎవరు, సరిహద్దులో ఎవరు అని రాయండి. 1988 అందరూ రాస్తారు, మీరు ఒక్క వాక్యంలో తేల్చేయండి. మా నానమ్మ గాజులు వద్దు, మార్కులు రావు.


తూర్పుగాలి:

ఒక్కటి కలపండి రాజు గారూ, ఇద్దరు మాట్లాడేవాళ్ళుంటే సరిపోతుందన్న లెక్క కూడా మారిపోతోంది. 2025 జూలైలో మిజోరం వైపున్న జోఖావ్తార్‌కి నాలుగువేల మంది దాకా నది దాటి వచ్చారు. ఈసారి తరిమింది సైన్యం కాదు, రెండు చిన్ దళాల మధ్య గొడవ. రెండూ సైన్యానికి ఎదురు తిరిగినవే. ఇటేమో పాత పదహారు కిలోమీటర్ల హద్దుని పదికి తగ్గించి, పాసు చూపించి దాటాలని కొత్త పద్ధతి పెట్టాం. ఆ ఏర్పాటుకి అటువైపు నుంచి సహకరించాల్సింది నేపిడా అధికారి. రిఖావ్దార్‌లో 2023 నవంబర్ నుంచి నేపిడా అధికారి ఎవరూ లేరు.